పండుగ మరునాటి బొంత

ఢిల్లీ నగరంలో సామాన్య జనులు క్రిస్మసు పండుగను ‘బడా దిన్’ అంటారు. పెద్ద దినమని అర్థం. నిజానికి సంవత్సరంలోని అతి చిన్న పగళ్లలో అది ఒకటి. ఆనాడు సూర్యుడు ఏడు గంటలు దాటిన తరువాత కాని పొడచూపడు. మంచుతెర వెనుక కొంతసేపు తచ్చాడి, ఐదున్నరకెల్లా అస్తమిస్తాడు. పగలు మళ్లీ పెరగనారంభించే కాలం గనుక పెద్ద దినమన్నారని కొందరు, దొరల పెద్ద పండుగ గనుక ఆ పేరు నిలిచినదని మరికొందరు చెపుతారు. పేరు ఎట్లా వచ్చినా, ఆ దినాన్ని గురించి వ్రాసినవారికి కొరత లేదు. మొగలు చక్రవర్తుల కొలువులో ఉండిన జెసూయిట్ పాదరీలు ఆగ్రాలోను, లాహోరులోను పశువులపాకలో బాలయేసు బొమ్మల కొలువు తీర్చగా మతభేదం లేకుండా జనులు తండోపతండాలుగా వచ్చి చూచినారని వారి లేఖలే చెపుతున్నవి. కంపెనీ దొరల విందులు, గవర్నరు జనరలుల దర్బారులు ఎన్నో దినచర్యలలో నిలిచి ఉన్నవి. ఇన్ని వర్ణనలలో డిసెంబరు 26వ తేదీ మాత్రం కానరాదు. అతిథులు వెళ్లిపోయిన ఇల్లు చరిత్రకారునికి పనికిరానిదైపోయినది.

ఇంగ్లండులో ఒకనాడు క్రిస్మసు మొదలు పన్నెండు దినాలు స్త్రీలు నూలు వడికే పని మానుకునేవారు. జనవరి 6తో పండుగ ముగియగా 7వ తేదీన మళ్లీ కదురు పట్టేవారు. వడకవలసిన ఉన్నిని, నారను చుట్టిపెట్టే కర్రకు ఇంగ్లీషులో ‘డిస్టాఫ్’ అని పేరు. ఆ 7వ తేదీని జనులు ‘సెయింట్ డిస్టాఫ్ దినం’ అన్నారు. అటువంటి పునీతురాలు ఏ చర్చి జాబితాలోను లేదు. పనిముట్టునే పునీతను చేసి నవ్వుకున్నారన్న మాట. ఆ పరిహాసంలో కొంత నిజం ఉన్నది. పురుషులకు పండుగ క్యాలెండరులో ముగుస్తుంది. స్త్రీలకు చేతిలోకి పని వచ్చినప్పుడు ముగుస్తుంది. ఢిల్లీలో ఆ పని సూదీ దారానిది. డిసెంబరు చివర, జనవరి మొదట ఎండ వెచ్చగా తగిలే రెండు మూడు గంటలు డాబాల మీద మంచాలు వేసుకుని స్త్రీలు ఉన్ని అల్లుతూ, చిరిగినవి కుట్టుతూ, వేరుశనగకాయలు వలుచుకుంటూ కూర్చుంటారు. పిల్లలు రెక్కలు వచ్చి ఎగిరిపోయిన ఇంట ఆ ఎండపొద్దులో ఒడిలోకి వచ్చే వస్తువు చాలచోట్ల బొంతయే. ఎందుచేత బొంత? ఈ ప్రశ్నకు సమాధానం వెదకటానికి కరోల్ బాగ్ అనువైన స్థలం. ఇండ్లు ఖాళీ కావటం, మళ్లీ నిండటం ఒక శతాబ్ది లోపల మూడుసార్లు చూచిన పేట అది.

1911 డిసెంబరు 12న జరిగిన దర్బారులో ఐదవ జార్జి చక్రవర్తి రాజధానిని కలకత్తా నుండి ఢిల్లీకి మార్చుతున్నట్లు ప్రకటించినాడు. కొత్త నగరానికి నిర్ణయించిన చోట పాత ఊళ్లు ఉన్నవి: మాధోగంజ్, జయసింగ్‌పురా, రాజా కా బజార్. 1920 తరువాతి సంవత్సరాలలో కన్నాట్ ప్లేస్ నిర్మాణం కొరకు వీటిని ఖాళీ చేయించి, జనులను పడమటి వైపున రాళ్లు, ముళ్లపొదలు నిండిన మెట్టనేలకు తరలించినారు. అదే కరోల్ బాగ్. పేరులో ఉన్న తోట వచ్చినవారికి కనబడి ఉండదు. రేగర్‌పురా, బీడన్‌పురా, నాయీవాలా అని అక్కడి వాడల పేర్లు. ఒకటి తోలుపనివారి పేర, మరొకటి ఒక దొరగారి పేర వెలసినవి. హకీం అజ్మల్ ఖాన్ సంకల్పించిన తిబ్బియా కళాశాలకు 1916లో వైస్రాయి హార్డింజి శంకుస్థాపన చేయగా, 1921లో గాంధీజీ దానిని ప్రారంభించినారు. 1925లో జామియా మిల్లియా అలీగఢ్ నుండి ఇక్కడికే తరలివచ్చి, ఓఖ్లాలో సొంత భవనాలు లేచేవరకు ఇక్కడనే నడిచినది. ఆనాటి కరోల్ బాగ్ అధికభాగం ముస్లిముల పేట.

1947 సెప్టెంబరులో అది ఖాళీ అయినది. ఆ నెల మొదటి వారంలో చెలరేగిన హత్యాకాండకు కరోల్ బాగ్ ఒక ముఖ్యరంగం. బ్రతికినవారు పురానా ఖిల్లాలోను, హుమాయూన్ సమాధి ఆవరణలోను తలదాచుకుని, అక్కడి నుండి చాలమంది పాకిస్తాను చేరినారు. వారి ఇండ్లలోకి పశ్చిమ పంజాబు నుండి, సింధు నుండి, సరిహద్దు రాష్ట్రం నుండి వచ్చిన హిందువులు, సిక్కులు ప్రవేశించినారు. 1941లో సుమారు 9 లక్షల 18 వేలుగా ఉండిన ఢిల్లీ జనాభా 1951 నాటికి 17 లక్షల 44 వేలకు పెరిగినది. ఆ పంజాబీ ఇండ్ల పైభాగాలలో అద్దె గదులు వెదుక్కుంటూ దక్షిణాది ఉద్యోగులు వచ్చినారు. అరవలు, తెలుగువారు, మలయాళీలు సెక్రటేరియటు గుమాస్తాలుగా, స్టెనోగ్రాఫర్లుగా బస చేసిన పేటగా కరోల్ బాగ్ దక్షిణ దేశంలో కూడ పేరు విన్నది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో 1948లో ఏర్పడిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ పాఠశాలలలో ఒకటి ప్రక్కనే ఉన్న ప్రసాద్ నగర్‌లో నడుస్తున్నది.

మూడవసారి ఖాళీ కావటం మాత్రం నిశ్శబ్దంగా జరిగినది. ఎవరూ తరుమలేదు. శరణార్థుల బిడ్డలు చదువుకుని గుడ్‌గావుకు, కెనడాకు, అమెరికాకు వెళ్లినారు. అదే కాలంలో సివిల్ సర్వీసు పరీక్షల శిక్షణ కొరకు గుంటూరు నుండి, కరీంనగరు నుండి, కడప నుండి యువకులు వచ్చి కరోల్ బాగ్‌లోను, దాని ప్రక్కనున్న రాజేంద్ర నగర్‌లోను మంచమంత గదులలో చేరినారు. కన్నవారు ఒంటరిగా మిగిలిన ఇండ్లు, కన్నవారిని ఒంటరిగా విడిచి వచ్చిన పిల్లల గదులు ఒకే వీధిలో ఎదురెదురుగా ఉన్నవి.

ఈ పేటలో క్రైస్తవ కుటుంబాలు కొద్దిపాటివే. 2011 జనగణన ప్రకారం ఢిల్లీలోని క్రైస్తవుల సంఖ్య సుమారు 1,46,000. నూటికి ఒకరు కూడ కారు. ఆ సమాజం చరిత్ర మాత్రం చిన్నది కాదు. కాశ్మీరీ గేటు వద్ద జేమ్స్ స్కిన్నరు కట్టించిన సెయింట్ జేమ్స్ చర్చి 1836 నాటిది. 1877లో కేంబ్రిడ్జి మిషను, 1881లో సెయింట్ స్టీఫెన్స్ కళాశాల వచ్చినవి. గోల్ డాక్‌ఖానా వద్దనున్న సేక్రెడ్ హార్ట్ కథీడ్రల్‌కు 1929లో పునాది వేసినారు. రాజా కా బజార్ జనులను లేవదీసి కరోల్ బాగ్‌కు పంపిన నేల దాని చుట్టుప్రక్కలదే. డిసెంబరు 24 రాత్రి ఆ గుడి ముంగిట చేరే జనసమూహంలో క్రైస్తవేతరులే ఎక్కువ. ఆగ్రాలో జెసూయిట్లు చూచిన దృశ్యానికి అది కొనసాగింపు.

ఉత్తర హిందూస్థానపు క్రైస్తవ గృహాలలో పండుగ వంట డిసెంబరు మొదటనే ఆరంభమవుతుంది. పిండి, చక్కెర, గుడ్లు, ఎండుఫలాలు కలిపి పేటలోని బేకరీకి తీసుకువెళ్లి, ఎదుట నిలుచుని కేకులు కాల్పించుకుని రావటం పాత అలవాటు. హోలీకి హిందువులు చేసే గుజియాలే వీరు బడా దిన్‌కు చేస్తారు. పళ్లెములు ఇరుగుపొరుగు పంజాబీల ఇండ్లకు వెళతవి. దీపావళికి వచ్చిన పళ్లెములకు అది బదులు. పిల్లలు దూరదేశాలలో ఉన్న ఇంట ఈ పనులన్నీ జరుగుతవి గాని, కొలతలు తగ్గుతవి. నాలుగు కేకులు ఒకటి అవుతుంది. అర్ధరాత్రి ఆరాధన బదులు ప్రొద్దుటి ఆరాధన. మధ్యాహ్నం చుట్టాలు ఇద్దరు ముగ్గురు. సాయంత్రం చరవాణి తెరపైన మనుమల ముఖాలు. అక్కడ వారికి అప్పుడే తెల్లవారినది. దీనిని దుఃఖమని వర్ణించటం తేలిక. అయితే ఇరవై ఐదేండ్లు పదిమందికి వండి వడ్డించిన మనిషికి ఇద్దరి వంట కొంత విశ్రాంతి కూడ ననే మాట మరువరాదు. మరునాడు వంటింట పని లేదు. నిన్నటి భోజనం ఉన్నది. ఎండ ఉన్నది. ట్రంకుపెట్టె అడుగున, పిల్లలు తొడిగి విడిచిన బట్టలు ఉన్నవి.

బొంత అనే మాటతో తెలుగువాడు ఊహించుకునే వస్తువు వేరు, ఢిల్లీ రజాయి వేరు. రజాయి రెండు గుడ్డల నడుమ దూది నింపి, దూది జారిపోకుండా అక్కడక్కడ కుట్టిన దుప్పటి. బొంత పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పేర్చి, ఆ కొస నుండి ఈ కొస వరకు సూదిని క్రిందికీ మీదికీ పోనిస్తూ కలిపి కుట్టినది. ఆంధ్రదేశంలో చలి స్వల్పం కనుక బొంత పరచుకొనటానికే ఎక్కువ; కప్పుకొనటానికి రాయలసీమలోను, తెలంగాణంలోను గొర్రెబొచ్చు గొంగడి ఉండనే ఉన్నది. ఢిల్లీలో రజాయి లేనివానికి పుష్యమాసపు రాత్రి ఎట్లా గడుస్తుందో 1930లో ప్రేమ్‌చంద్ వ్రాసిన ‘పూస్ కీ రాత్’ కథ చదివినవారికి తెలియును. కంబళి కొరకు దాచిన మూడు రూపాయలు అప్పులవానికి పోయిన రైతు కథ అది. తెలుగులో బొంత గౌరవానికి నోచుకున్న మాట కాదు. పొందికలేని కావ్యాన్ని, పొసగని మంత్రివర్గాన్ని ‘అతుకుల బొంత’ అని ఎగతాళి చేస్తాము. ‘గంతకు తగ్గ బొంత’ అని ఎద్దు వీపున వేసే గంతకు దానిని జత చేసినాము. సంస్కృతంలోని ‘కంథ’ మాత్రం సన్యాసి భుజాన చేరి గౌరవం పొందినది.

పాతగుడ్డకు ఈ దేశంలో పవిత్రత అబ్బినది ఇట్లాగే. బౌద్ధుల వినయపిటకంలో ఒక కథ ఉన్నది. దక్షిణగిరికి వెళుతూ బుద్ధుడు మగధ వరిపొలాలను, వాటి గట్లను, మడులను చూచి, అటువంటి అమరికతో భిక్షువులకు చీవరం కుట్టగలవా అని ఆనందుని అడిగినాడు. ఆనందుడు ముక్కలు కత్తిరించి, గట్లవలె అతుకులు వేసి కుట్టి చూపినాడు. కృష్ణాతీరాన అమరావతిలోను, నాగార్జునకొండలోను తిరిగిన భిక్షువుల భుజాల మీద ఉండినది ఆ వరిమడుల చీవరమే. సూఫీలకు అతుకుల అంగీ గురువు నుండి శిష్యునికి సంక్రమించే అధికార చిహ్నం. ఢిల్లీ నిజాముద్దీన్ ఔలియా నుండి అది నసీరుద్దీన్ చిరాగ్-ఎ-ఢిల్లీకి వచ్చినది. 1356లో ఆయన మరణించినప్పుడు, దానిని అందుకొనదగిన వారసుడు ఎవరూ లేరని, తనతోపాటే సమాధి చేయించుకున్నాడు. ఢిల్లీ చరిత్రలో ఎవరికీ ఇవ్వజాలక మిగిలిపోయిన వస్త్రాలలో అది మొదటిది కాకపోవచ్చును, కాని పేరుపొందినది అదే. ఇక క్రిస్మసు కథకు మూలమైన లూకా సువార్తలో, శిశువును చుట్టిన వస్త్రానికి తెలుగు అనువాదకులు ఎన్నుకున్న మాట ‘పొత్తిగుడ్డలు’. ఆ ఎన్నికలో వారి చెవి ఎంత మంచిదో తెలుస్తుంది. పట్టు కాదు, కొత్తబట్ట కాదు. తల్లి కట్టి విడిచిన చీర చించి మెత్తబరచిన గుడ్డ. తెలుగింట పుట్టిన ప్రతి శిశువును మొదట తాకే బట్ట అదే.

అయితే సన్యాసి కంథకు, తల్లి బొంతకు నడుమ ఒక వ్యత్యాసం ఉన్నది. సన్యాసి ఇల్లు విడిచి కంథ ధరిస్తాడు; తల్లి, విడిచిపోబడిన ఇంట కూర్చుని కంథ కుట్టుతుంది. ఈ రెండూ కలిసిన సందర్భం ఒకటి వంగదేశ సాహిత్యంలో ఉన్నది. నవద్వీపంలో శచీదేవికి ఇద్దరు కొడుకులు మిగిలినారు. పెద్దవాడు విశ్వరూపుడు చిన్ననాడే సన్యసించి వెళ్లిపోయినాడు. భర్త జగన్నాథ మిశ్రుడు గతించినాడు. రెండవవాడు విశ్వంభరుడు 1510లో సన్యాసం పుచ్చుకుని చైతన్యుడైనాడు. ఆ ఏడే ఆయన దక్షిణయాత్రకు బయలుదేరి గోదావరీతీరాన రామానందరాయలను కలుసుకున్న సంగతి తెలుగువారికి పరిచితమే. ఇంట మిగిలినది తల్లి, కోడలు విష్ణుప్రియ. పూరీకి వెళ్లే యాత్రికుల చేతికి శచీదేవి తాను కుట్టిన కంథ ఇచ్చి కొడుకుకు పంపినదని, బంగాళా కంథను గురించిన మొదటి ప్రస్తావన ఇదేనని, కృష్ణదాస కవిరాజు రచించిన ‘చైతన్య చరితామృతం’ ఆధారంగా చెపుతారు. పూరీలోని గంభీరలో ఒక కంథను నేటికీ ఆ తల్లి పంపినదిగా చూపుతారు. ఆ కావ్యంలోనే మరొక కథ: చైతన్యుడు నేలపై పండుకొనటం చూడలేక జగదానందుడు బూరుగు దూదితో పరుపు కుట్టించి తెచ్చినాడు. అది భోగమని స్వామి నిరాకరించినాడు. చివరకు ఎండిన అరటాకులు సన్నగా చీల్చి, ఆయన పాత వస్త్రంలోనే కూరి ఇవ్వగా పుచ్చుకున్నాడు. దూది వద్దన్న మనిషి తల్లి పంపిన కంథ కాదనలేదు. కొడుకు సన్యాసి అయినా తల్లి చీర తల్లి చీరయే.

కంథలు కుట్టిన స్త్రీలలో నూటికి తొంబది మంది పేర్లు మిగలలేదు. ఇది చరిత్రకు జరిగిన నష్టమే. దేవాలయపు శిల్పి పేరు పోయిందని విచారించే పండితులు, ఇంటి బొంత కుట్టినదెవరని అడుగరు. గురుసదయ్ దత్తు వంటివారు గ్రామాలు తిరిగి సేకరించకపోతే వస్తువులే మిగిలేవి కావు. కలకత్తాలో ఆయన పేర ఉన్న మ్యూజియంలో ఒక కంథ పైన మాత్రం కుట్టిన స్త్రీ తన పేరు దారంతోనే వ్రాసుకున్నది. ఖుల్నాకు చెందిన మానదాసుందరీ దాసి పందొమ్మిదవ శతాబ్దిలో దానిని కుట్టి తండ్రికి అంకితం చేసినది. అక్కడ వెళ్లిపోయినది కూతురు, పంపినదీ కూతురే. 1929లో జసీముద్దీన్ ప్రకటించిన ‘నక్షీ కాంథార్ మాఠ్’ కావ్యంలో పరారి అయిన భర్త కొరకు ఎదురుచూస్తూ నాయిక తమ ఇద్దరి కథను కంథపై కుట్టి, తన గోరీపై దానిని పరచమని కోరుతుంది. కవి కల్పనయే అయినా, కంథ ఎవరి పని, ఎప్పటి పని అన్నది ఆయనకు బాగా తెలియును. సముద్రాల కావల కూడ ఇదే తీరు. అమెరికాలో అలబామా రాష్ట్రపు గీస్ బెండ్ గ్రామంలో మిస్సౌరీ పెట్‌వే అనే నల్లజాతి స్త్రీ 1942లో, గతించిన భర్త పొలం పనికి తొడిగిన బట్టలను ముక్కలు చేసి బొంత కుట్టినది. మోకాళ్ల వద్ద అరిగిన గుర్తులు, అతుకు ఊడదీసినచోట వెలవని రంగు అట్లాగే ఉంచినది. 2002లో మొదలైన ప్రదర్శనలతో ఆ గ్రామపు బొంతలు ప్రపంచంలోని పెద్ద చిత్రశాలలు చేరినవి.

క్రైస్తవానికి, భారతదేశపు బొంతకు సూటి సంబంధం ఒకటి పదహారవ శతాబ్ది చివర ఏర్పడినది. బంగాళంలోని సాత్‌గాఁవ్ పనివారు పోర్చుగీసు వర్తకుల కొరకు పసుపువన్నె పట్టుదారంతో పెద్ద పెద్ద దుప్పట్లు కుట్టినారు. ‘కోల్చా’లని వాటి పేరు. అంచుల వెంట వేటగాండ్రు, ఓడలు, చేపలు. లోపల సొలోమోను రాజు తీర్పు. చాలవాటి నడుమ ఒక గూడబాతు. యూరపు క్రైస్తవుల నమ్మకంలో గూడబాతు తన రొమ్ము పొడుచుకుని ఆ రక్తంతో పిల్లలను బ్రతికించే పక్షి, క్రీస్తుకు చిహ్నం. కుట్టిన బంగాళా పనివానికి అది క్రీస్తు అవునో కాదో తెలియదు గాని, గూటిలో నోళ్లు తెరచిన పిల్లలను మాత్రం ఆతడు ముద్దుగా కుట్టినాడు. తెలుగుతీరం పంపినది మరొక రకం. మచిలీపట్నం నుండి, కోరమండలం రేవుల నుండి కలంకారీ పలంగుపోషులు నౌకలెక్కినవి. ఇంగ్లీషువారు మచిలీపట్నంలో వర్తకశాల పెట్టినది 1611లో. ఆ శతాబ్ది గడిచేసరికి ఈ అద్దకపు బట్టల మోజు అక్కడి నేతగాండ్ర పొట్ట కొట్టినది. ఫ్రాన్సు 1686 నుండి 1759 వరకు వీటిని నిషేధించినది. ఇంగ్లండు 1700లో, 1720లో చట్టాలు చేసినది. నిషేధం వచ్చిన తరువాత బట్ట మరీ ప్రియమైనది. పాతబడిన పలంగుపోషులలోని పూలను, పక్షులను గృహిణులు జాగ్రత్తగా కత్తిరించి తెల్లబట్టపై అతికి బొంతలు కుట్టుకున్నారు. కృష్ణాజిల్లా పనివాడు కలంతో గీసిన నెమలి అట్లా ఇంగ్లండు, అమెరికా పడకల మీద వాలినది. దానికి బదులుగా మిషనరీ స్త్రీలు నేర్పిన లేసు అల్లిక నరసాపురం చుట్టుప్రక్కల ఇల్లిల్లూ చేరినది. ఈ మారకంలో కూలి ఎవరికి, లాభం ఎవరికి అన్నది వేరే కథ. అది అంత ముచ్చటగా ఉండదు.

మళ్లీ ఢిల్లీకి వస్తే, ఆ నగర చరిత్రలో రజాయి రాజకీయ వస్తువైన చలికాలం ఒకటి ఉన్నది. 1947 శరత్తు నాటికి కింగ్స్‌వే శిబిరంలో హిందూ, సిక్కు శరణార్థులు, పురానా ఖిల్లాలో, హుమాయూన్ సమాధిలో ముస్లిములు ఆరుబయట పడి ఉన్నారు. అక్టోబరులో బిర్లా భవనంలో జరిగిన ప్రార్థనసభలలో గాంధీజీ కంబళ్లు, రజాయిలు ఇవ్వవలసినదిగా ప్రజలను వేడినారు. మంచుకు రజాయి తడవకుండా పైన పాత వార్తాపత్రికలు పరచుకొనవచ్చునని ఉపాయం కూడ చెప్పినారు. ఆనాటి ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత కౌర్, క్రైస్తవ కుటుంబంలో పుట్టిన పంజాబీ స్త్రీ. శరణార్థుల ఆరోగ్యం ఆమె శాఖ బాధ్యత. ఆ ఏటి బడా దిన్ నాటికి కరోల్ బాగ్ ఇండ్లలో ఉన్నవారు నాలుగు నెలల క్రితం అక్కడ ఉన్నవారు కారు. వెంట తెచ్చుకున్న మూటలో రజాయి ఉన్న కుటుంబం అదృష్టవంతురాలు.

రజాయికి ప్రాణం దూది. దూదికి ప్రాణం ఏకేవాడు. నారి బిగించిన పెద్ద విల్లు భుజాన వేసుకుని, దానిని మ్రోగిస్తూ ధునియా ఢిల్లీ గల్లీలలో తిరిగినంతకాలం చలి వచ్చిందన్న కబురు చెవికి అందేది. నిరుటి రజాయి విప్పి, గడ్డకట్టిన దూదిని ఆ విల్లుతో మళ్లీ నురుగువలె ఏకి, ఉతికిన గుడ్డలో నింపి ఇచ్చేవాడు. తెలుగుదేశంలో ఆ వృత్తివారే దూదేకులవారు. వీరబ్రహ్మంగారి ప్రియశిష్యుడు సిద్దయ్య ఆ కులంవాడే; బుర్రకథకు మారుపేరైన నాజరు తన ఆత్మకథకు ‘పింజారి’ అని పేరు పెట్టుకున్నాడు. తిట్టుగా వాడిన మాటను ఆయన అట్టమీదికి ఎక్కించినాడు. నేడు ఢిల్లీలో విద్యుత్ యంత్రాలు దూది ఏకుతున్నవి. అంతకంటె పెద్ద దెబ్బ పానిపట్టు నుండి తగిలినది. ఢిల్లీకి ఉత్తరాన 90 కిలోమీటర్ల దూరంలోని ఆ ఊరికి పాశ్చాత్య దేశాలలో పారవేసిన ఉన్నిబట్టలు ఓడలకెత్తి వస్తవి. వాటిని రంగుల వారీగా వేరుచేసి, చీల్చి, మళ్లీ నూలు తీసి చౌక కంబళ్లు నేస్తారు. టొరాంటోలో కొడుకు విసరివేసిన స్వెట్టరు ఏదో ఒక కంబళిగా కరోల్ బాగ్ అంగడికి రాదని చెప్పలేము.

కాబట్టి నేడు వెచ్చదనం కొరకు బొంత కుట్టవలసిన అవసరం ఎవరికీ లేదు. సోమవారం అంగళ్లు మూసిన తరువాత కరోల్ బాగ్ కాలిబాటల మీద వెలసే సంతలో కంబళి చౌకగా దొరుకుతుంది. అయినా డిసెంబరు 26న ట్రంకుపెట్టె తెరచుకుంటుంది. బడి యూనిఫారపు చొక్కా, మొదటి కొలువు నాటి చొక్కా, పరికిణీ, పెండ్లినాటి సల్వారు, తెల్లబడిన పరదా. వీటిని దానం చేయవచ్చును. కొన్నిటిని చేసినారు కూడ. మిగిలినవి దానానికి పనికిరానంత పాతవి, పారవేయటానికి చేతులు రానంత దగ్గరివి. అటువంటి బట్టకు బొంత తప్ప గతి లేదు. ముసలి భర్త కళ్లజోడు సవరించుకుని సూదిలో దారం ఎక్కించి ఇస్తాడు. ఆమె ఇంత పొడవు ఎందుకని విసుక్కుంటుంది. ముక్కలు పేర్చటంలో తొందర లేదు. ఈ నీలి ప్రక్కన ఆ ఎరుపు ఉండాలా, నడుమ పరదా ముక్క ఉండాలా అన్న ఆలోచనలో ఒక పూట గడుస్తుంది. ఎవరికీ వడ్డించనక్కరలేని పూట అది. పెండ్లి అయిన నాటి నుండి ఆమెకు అటువంటి పూటలు ఎన్ని దొరికినవో లెక్కించటం కష్టం కాదు.

ఎదుటి మేడమీద గదిలో పరీక్షకు చదివే తెలుగు కుర్రవానికి ఇంటి నుండి రైలులో తెలిసినవారి చేత ఆవకాయ, కారప్పొడి వస్తవి. మొదటి చలికాలం గడిపిన తరువాత ఉత్తరాదికి ఒక బొంత కూడ వస్తుంది. పరచుకొనమని తల్లి కుట్టినది. ఇక్కడ కప్పుకోవలసి వస్తుంది. శచీదేవి యాత్రికుల చేతికి ఇచ్చిన మూట పూరీకి వెళ్లినదీ ఇట్లాగే.

వసంత పంచమి వస్తే చలి ఎగిరిపోతుందని ఢిల్లీవారి సామెత. అప్పటికి బొంత సగం పూర్తి అవుతుంది. మిగిలిన సగం వచ్చే బడా దిన్ తరువాత. వేపాకు వేసి పెట్టెలో పెడతారు. చిక్కు ఏమంటే, ఎవరి కొరకు కుట్టినారో వారికి సెలవులు జూన్, జూలై నెలలలో దొరుకుతవి. ఢిల్లీలో అప్పటి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో మనుమలు వస్తారు; పెట్టె తెరచి బొంత చూపిస్తారు; ఇది నీ చొక్కా, ఇది మీ అత్త పరికిణీ అని వ్రేలుపెట్టి చెపుతారు. తిరుగుప్రయాణానికి ముందు పెట్టెలు తూచటం మొదలవుతుంది. విమానంలో ఒక్కొక్క పెట్టెకు అనుమతించే బరువు సాధారణంగా 23 కిలోలు. దూది నింపిన రజాయి మూడు నాలుగు కిలోలు తూగుతుంది. పచ్చళ్లకు, పుస్తకాలకు చోటు చాలదు. పొరలు మాత్రమే కుట్టిన బొంత అందులో సగం కూడ తూగదు. దూది మాని పలుచని బొంతలు కుట్టటం ఈనాడు పట్నవాసపు స్త్రీలలో మళ్లీ మన్నన పొందుతున్నదంటే, ఈ తూకపు లెక్క కూడ అందుకు ఒక కారణం కావచ్చును.